చెత్తకూ మడి కావాలి

అన్నం ముట్టుకున్న చేత్తో పెరుగు గిన్నె తాకకూడదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకూడదు. కొరికిన జామకాయ తమ్ముడికి ఇవ్వకూడదు, ఇచ్చి తీరాలంటే పైన గుడ్డ కప్పి కాకెంగిలి చేసి ఇవ్వాలి. మడి, మైల, అంటు, ఎంగిలి అంటూ వంటింట్లో ఇన్ని సరిహద్దులు గీసుకున్న మనం, టిఫిన్ బండి దగ్గరికి వచ్చేసరికి హఠాత్తుగా అద్వైతులమైపోతాం. మిగిలిన చట్నీ, నాకిన స్పూను, నలిపిన టిష్యూ, నీళ్ల ప్యాకెట్టు అన్నీ ఒక్కటే. అన్నీ ఒకే డబ్బాలోకి.

నేను రిటైరైన గుమస్తాని. భోజనం తర్వాత కొందరు వక్కపొడి వేసుకుంటారు, నేను గెజిట్ చదువుతాను. 2016 ఏప్రిల్ 8న కేంద్రం ప్రకటించిన ఘన వ్యర్థాల నియమాలు నాకెంతో ఇష్టమైన గ్రంథం. అందులో వీధి వ్యాపారులకు ప్రత్యేకంగా ఒక క్లాజు ఉండేది. తన బండి దగ్గర పుట్టే చెత్తకు తగిన డబ్బాలు తనే పెట్టుకోవాలి, దాన్ని మున్సిపాలిటీ చెప్పిన చోటో, చెప్పిన బండిలోనో వేయాలి అని. ఏమేం చెత్తో కూడా రాశారు. మిగిలిన తిండి, ప్లేట్లు, కప్పులు, కూరగాయలు, పండ్లు, ఆఖరికి కొబ్బరి చిప్పలు కూడా. రాసినాయన మధ్యాహ్నం భోజనం మానేసి రాసినట్టున్నాడు.

ఇంకో నిబంధన మరీ ముచ్చటైంది. లైసెన్సు లేని చోట వందమందికి మించి జనాన్ని పోగేసే కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి చెప్పాలన్నారు. ఆదివారం పొద్దున మా మారేడ్‌పల్లి మూలమీది టిఫిన్ బండి దగ్గర గుమిగూడే జనాన్ని చూస్తే, ఆ బండి నడిపే ఆవిడ గురువారమే ఉత్తరం రాసుకోవాలేమో అనిపిస్తుంది.

హోటళ్లకైతే, తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చాలన్నారు. ఆ పక్కనే ‘సాధ్యమైనంత వరకు’ అని ఒక మాట చేర్చారు. ఇరవయ్యేళ్లకు పైగా ఫైళ్లు మోసినవాణ్ణి, ఆ మాట బలం నాకు తెలుసు. దాని నీడన ఎంత పెద్ద హోటలైనా హాయిగా కాళ్లు చాపుకుని పడుకోగలిగేది.

సికింద్రాబాద్ చెత్తకు ఇంకో చిక్కు. అది ముందు తన ఊరేదో తేల్చుకోవాలి. కొన్ని వీధులు కార్పొరేషన్ కింద, కొన్ని కంటోన్మెంట్ బోర్డు కింద. ఇళ్లకు ఈ బాధ లేదు, ఉన్నచోటే ఉంటాయి. తోపుడుబండికి చక్రాలుంటాయి కదా, పొద్దున ఒక ప్రభుత్వంలో ఇడ్లీ పెట్టి, సాయంత్రం మరో ప్రభుత్వంలో మిర్చి బజ్జీ వేయగలదు.

బుట్టల లెక్క కూడా పెరుగుతూ వచ్చింది. 2015లో హైదరాబాద్‌లో ఇంటింటికీ తడికి పచ్చ బుట్ట, పొడికి నీలం బుట్ట పంచారు. 22 లక్షల ఇళ్లకు 44 లక్షల బుట్టలు. అంత నాణ్యమైన బుట్టను చెత్త పాలు చెయ్యడానికి మనసొప్పక మా వీధిలో కొందరు పచ్చదాంట్లో బియ్యం పోసుకున్నారు, నీలందాంట్లో తులసి నాటారు. 2016లో మూడు రకాలుగా విడదీయమన్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది అని నాలుగు చేశారు. రెండే కుదరనివాళ్లం, నాలుగైతే కుదురుతాయేమోనని కాబోలు.

ఇదంతా టిఫిన్ బండి ఆవిడకు చదివి వినిపించాను. దోసె తిప్పుతూనే వింది.

“పెట్టిన గద సార్ రెండు డబ్బలు! పచ్చది తడికి, నీలిది పొడికి. నాకైతే అందరు చెప్తరు. తినేటోళ్లకు ఎవలు చెప్తరు? జర సేపు ఈడ నిలబడి చూడున్రి.”

నిలబడ్డాను. మొదట ఒక కుర్రాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వడ ముక్క, సగం చట్నీ ఉన్న ప్లేటును నాలుగు మడతలు పెట్టాడు. పచ్చ డబ్బా మీద ఒక క్షణం ఆపాడు. నీలం డబ్బా మీద ఇంకో క్షణం ఆపాడు. అవతల ఎవరో పెద్ద నిర్ణయం అడిగినట్టున్నారు, ఇక్కడిది వాయిదా వేసి, పక్కనున్న స్కూటర్ సీటు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ స్కూటర్ నాది. తర్వాత వాకింగ్ బూట్ల పెద్దాయన. ఇండోర్ ఏటేటా శుభ్రతలో ఎలా ఫస్టు వస్తోందో నాకు సవివరంగా బోధించి, ఆ ఊపులోనే టీ కప్పును పచ్చ డబ్బాలో, తినగా మిగిలిన ఇడ్లీని నీలం డబ్బాలో వేశారు. ఇంత ఖచ్చితంగా తారుమారు చెయ్యాలన్నా శ్రద్ధ కావాలి.

నిజానికి ఆవిడ సొంత చెత్తంటూ ఏమీ లేదు. కొబ్బరి చిప్పలు నీళ్లు కాచే పొయ్యిలోకి. పిండి గిన్నెలు కడిగిన నీళ్లు, అమ్ముడుపోని ఇడ్లీలు కుడితి కింద గేదెలాయనకి. ఉల్లి పొట్టు, అల్లం తొక్కు మా ఆవిడకి. మా ఆవిడ మేడమీద ఎరువు చేస్తుంది. తడి చెత్త ఒక్కటే పోస్తే పులిసి కంపు కొడుతుంది, ఎండుటాకులు ఒక్కటే పోస్తే ఏళ్ల తరబడి అలాగే కూర్చుంటాయి. రెండూ పొరలు పొరలుగా వేసి, తిరగేసి గాలి తగలనివ్వాలి. అప్పుడు సూక్ష్మజీవులు పని మొదలుపెట్టి కుప్ప వేడెక్కుతుంది. ఇరానీ హోటల్ టీ పొడి గులాబీలకు మంచిదే గానీ, పాలూ చక్కెరా పోయేదాకా కడిగి వెయ్యాలి, లేదంటే చీమలకు విందు. ఇన్ని తెలిసిన మనిషి కూడా బండి నీలం డబ్బాను ఒక్క చూపు చూసి దండం పెట్టింది. చట్నీలో నానిన టిష్యూ, ప్లేటుకు అంటుకున్న కవరు, అందులో సాంబారు. అది ఎరువుకూ పనికిరాదు, అమ్మకానికీ పనికిరాదు.

విడిగా ఉన్న చెత్త ఏం చెయ్యగలదో చూడాలంటే మనకు దూరం కూడా పోనక్కర్లేదు. మన బోయినపల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్తే చాలు. అక్కడ పారేసే కూరగాయలతో, తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. 2021 జనవరి 31న ‘మన్ కీ బాత్’లో ప్రధాని దాని గురించి చెప్పారు. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త, దాన్నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం. చెత్తను తురిమి, జావలా చేసి, గాలి చొరబడని ట్యాంకులోకి పంపుతారు. లోపలి సూక్ష్మజీవులు దాన్ని తిని గ్యాసు వదులుతాయి. ఆ కరెంటు మార్కెట్‌లో దీపాలకు, ఆ ఇంధనం క్యాంటీన్‌లో పొయ్యికి. అంటే కుళ్లిన టమాటా వెలిగించిన దీపం కింద తాజా టమాటాకు బేరం సాగుతుందన్నమాట. మిగిలిన మడ్డి పొలానికి ఎరువు.

ఆ సూక్ష్మజీవులకు మాత్రం మా నాయనమ్మను మించిన మడి. మార్కెట్ చెత్త చాలావరకు ఒట్టి కూరగాయలే కాబట్టి ఒప్పుకున్నాయి. అందులో నాలుగు కవర్లు, రెండు స్పూన్లు కలపండి, అవి ముట్టవు.

మడి పేరుతో మనం మనుషుల్ని దూరం పెట్టిన లెక్క వేరే ఉంది, అది అంత తేలిగ్గా తీరేది కాదు. ఆ పట్టుదలలో పావలా వంతు ప్లేటు మీద పెట్టి ఉంటే దేశం బాగుపడేది. ఇప్పటికీ మనం కలిపేసిన దాన్ని పొద్దున స్వచ్ఛ ఆటో వెనక నిలబడి చేత్తో విడదీసేది ఒక మనిషే. ఎంగిలి తగలకూడదని మనం నేర్చుకున్న పాఠం, ఆ మనిషి చేతి దగ్గర మాత్రం గుర్తుకు రాదు.

గెజిట్ చెయ్యలేని పని ఈ మధ్య బండి ఆవిడ చేసేసింది. ఒకప్పుడైతే చిల్లర ఆపి కస్టమర్‌ను దారిలో పెట్టొచ్చు. ఫోన్‌పే వచ్చాక చిల్లరే లేదు. అందుకని చెయ్యి కడుక్కునే మగ్గును స్వాధీనం చేసుకుంది. నీళ్ల డ్రమ్మును డబ్బాల అవతలికి జరిపి, మగ్గు తన పక్కన పెట్టుకుంది. తిన్నాక జనం సాంబారు చేత్తో వచ్చి నిలబడతారు.

“ముందుగాల ప్లేట్ల ఉన్నది పచ్చ దాంట్ల దులుపున్రి అన్నా. ఆ, గట్ల. ఇగ ప్లేటు నీలి దాంట్ల ఎయ్యున్రి. ఇగో మగ్గు.”

జరిమానా లేదు, నోటీసు లేదు, సాధ్యమైనంత వరకు అన్న మాట అసలే లేదు. ఇండోర్ పెద్దాయన కూడా మొన్న కిక్కురుమనకుండా దులిపారు. మా ఆవిడకు ఇప్పుడు పచ్చ డబ్బాలో సగానికి పైగా పనికొస్తోంది.

ఈ చట్టంలో ఉన్న ఒకే ఒక్క లొసుగు స్పూనుతో తినేవాళ్లు. వాళ్లకు చెయ్యి కడుక్కునే పని ఉండదు కాబట్టి మగ్గుకు లొంగకుండా జారుకుంటున్నారు. ఆవిడ ఊరికే కూర్చోలేదు. సోమవారం నుంచి స్పూన్లు ఇవ్వడం మానేసింది. అడిగినవాళ్లకు గిన్నెలు కడుగుతూ తలెత్తకుండానే జవాబిస్తోంది.

“దేవుడు అయిదు స్పూన్లు ఇచ్చిండు గద అన్నా, గవి వాడున్రి.”