‘సీక్రెట్ కీ మార్చగలరు’: సటీకా తాత్పర్యము

మూలం: సీక్రెట్ కీ మార్చి, మళ్ళీ బిల్డ్ చేసి, కొత్తది గ్రూపులో పెట్టగలరు. అర్జెంట్.

అవతారిక: శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక మా మేనేజరు గారు వాట్సాప్ ముఖంగా అనుగ్రహించిన సూత్రమిది. గో భాషలో రాసిన మా వెబ్ అప్లికేషన్ కీ, ఉద్యోగం మానేసిన ఒకాయన ల్యాప్‌టాప్‌తో పాటు గడప దాటిందని తెలిసిన సందర్భం. రసం భయానకం.

టీక: సీక్రెట్ = రహస్యమైనట్టి; కీ = తాళంచెవిని. పేరుకు చెవే గాని ఇక్కడ చేసేది ముద్రిక పని. లాగిన్ అయినవారి బ్రౌజర్లో ఉంచే కుకీ మీద దీని ముద్ర పడుతుంది. ముద్రిక చిక్కినవాడు పాస్‌వర్డ్ జోలికి పోకుండానే, తానే అడ్మిన్‌నని కుకీ రాసుకుని దర్జాగా లోపలికొస్తాడు.

మార్చి = ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చేత 32 బైట్లు యాదృచ్ఛికంగా పుట్టించి. బేస్64లో 44 అక్షరాలు. పాతదాని చివర ఒకటి అంకె తగిలించడం ఈ ధాతువుకు అర్థం కాదు.

మళ్ళీ బిల్డ్ చేసి: మా పాపమంతా ఈ ‘మళ్ళీ’లో ఉంది. కీని సోర్సులోనే రాసి కంపైల్ చేశాం. తాళంచెవిని ఇటుకల మధ్య పెట్టి గోడకు ప్లాస్టరింగ్ చేసినట్టు. ‘కంపైలయ్యాక అంతా యంత్రభాషే, ఎవడు చదువుతాడు?’ అని పూర్వపక్షం. లైనక్స్‌లో స్ట్రింగ్స్ అనే చిన్న కమాండు చదువుతుంది. మనిషి చదవగల అక్షరాలన్నీ వడగట్టి ముందు పోస్తుంది. కీని బయట ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచి ఉంటే రీస్టార్ట్‌తో పోయేది, ‘మళ్ళీ బిల్డ్’ అధికపదమయ్యేది.

న్యూనపదదోషమూ ఉంది. పాత కీతోనే మూసి (ఎన్‌క్రిప్ట్ చేసి) డేటాబేసులో దాచినవాటి గతేమిటో మూలం చెప్పదు. లారవెల్ 11 అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో పాత కీలనూ వరసగా రాసిపెట్టుకోవచ్చు; మూసేది కొత్తదానితో, విప్పేటప్పుడు పాతవీ తిప్పి చూస్తుంది. మాకు ఆ ఏర్పాటు లేదు గనుక ఒక్కొక్కటీ విప్పి మూయాలి. కుకీలకు మాత్రం ఈ దాక్షిణ్యం పనికిరాదు: పాత కీని గౌరవించామా, దొంగ రాసుకున్న కుకీ కూడా చెల్లుతుంది. అందరూ లాగౌట్ కావలసిందే, ఎంత తిట్టుకున్నా.

దృష్టాంతం: 2025 జులైలో షేర్‌పాయింట్ సర్వర్లలో చొరబడ్డవాళ్ళు మెషిన్ కీలు ఎత్తుకెళ్ళారు. ప్యాచ్ వేసి ఊరుకోకండి, కీలు మార్చి ఐఐఎస్ వెబ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయండని మైక్రోసాఫ్టే చెప్పింది. కన్నం పూడ్చినంతలో దొంగ జేబులో ముద్రిక కరిగిపోదు కదా.

కొత్తది గ్రూపులో పెట్టగలరు: వ్యాఖ్యాతకు చెమటలు పట్టించే స్థలం. గ్రూపులో నలభై మంది ఉన్నాం. మానేసినాయన్ని ఇంకా ఎవరూ తీయలేదు. ‘కొత్తది’ అంటే కీ కాదు, కొత్త బిల్డు వచ్చిందన్న కబురు, అని అన్వయించి మూలకర్త గౌరవం నిలబెట్టాను.

తాత్పర్యం: మల్లినాథుడికి కాళిదాసు పక్క క్యాబిన్లో లేడు. నాకున్నారు. అడిగాను.

“కీయే బాబూ. నలుగురి దగ్గరా ఉంటే పోదు కదా” అన్నారు.