తనిఖీ అధికారి తుఫాను గారు

మన వైపు చెట్ల ఆరోగ్యం పరీక్షించే అధికారి ఒక్కరే. పేరు మాత్రం మారుతూ ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ అన్నారు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో విచ్చేసి, విశాఖలో చెట్టు చెట్టునూ స్వయంగా ఊపి చూసి, పుచ్చినవాటినీ గట్టివాటినీ కలిపి పడుకోబెట్టి, నివేదిక ఇవ్వకుండానే సెలవు తీసుకున్నారు. టీఏ, డీఏ అడగని అధికారి. అందుకే కాబోలు, ఆ పోస్టులో ఇంకొకరిని వేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

యంత్రాలు లేవా అంటే, ఈ ప్రాంతంలో ఉన్నన్ని ఇంకెక్కడా ఉండవేమో. ఎలమంచిలి స్టేషన్ మీదుగా వెళ్లే హౌరా-చెన్నై లైనులో పట్టా లోపల వెంట్రుకంత పగులుంటే పట్టుకోవడానికి రైల్వే వాళ్లు అల్ట్రాసోనిక్ యంత్రం తోసుకుంటూ నడుస్తారు. ఉక్కు కర్మాగారంలో, ఓడల యార్డులో, అచ్యుతాపురం ఫ్యాక్టరీల పైపుల దగ్గర వెల్డింగు అతుకు లోపల ఏముందో కోయకుండానే చెబుతారు. దాని పేరు ఎన్‌డీటీ. ఆ కోర్సు చేసి గల్ఫ్‌కు ఎగిరిపోయిన కుర్రాళ్లు గాజువాకలో బోలెడంత మంది. ఆ కోర్సు నేర్పే కోచింగ్ సెంటరు బోర్డు ఏ వేపచెట్టుకో మేకులతో కొట్టి ఉంటే ఆశ్చర్యపోకండి. ఇనుముకి పరీక్ష, చెట్టుకి మేకు.

ఆ మేకు దగ్గరే కథ మొదలవుతుంది. కర్రను కుళ్లబెట్టే శిలీంధ్రాలు బెరడు పగిలిన చోటు కోసం కాచుకుని ఉంటాయి. మేకు రంధ్రం, తీగల కోసం కరెంటు వాళ్లు అడ్డదిడ్డంగా నరికిన కొమ్మ, డ్రైనేజీ తవ్వకంలో తెగిన వేరు, ఏదైనా చాలు. లోపలికి పోయి నడిమి చేవను ఏళ్ల తరబడి తింటాయి. కొన్ని కర్రను గోధుమరంగు ముక్కలుగా పొడి పొడి చేస్తాయి, కొన్ని తెల్లటి మెత్తటి పీచుగా మిగులుస్తాయి. చెట్టుకు నీళ్లు మోసేది మాత్రం బెరడు కింది లేత కర్ర. అది బాగున్నంత కాలం పైన చిగుళ్లు, పూత, పిట్టలు అన్నీ మామూలే. లోపల డొల్ల, పైన పచ్చదనం. ఏ శాఖ వార్షిక నివేదికైనా ఇలాగే ఉంటుంది కనుక మన అధికారులకు అనుమానం రాదు.

గానోడెర్మా శిలీంధ్రం అంటే ఏమిటో కొబ్బరి రైతుని అడగండి. చెట్టు మొదట్లో ఎర్రగా బంక కారితేనే అతని గుండె జారుతుంది. రోడ్డు పక్క చెట్టు మొదట్లో అదే జాతి పుట్టగొడుగు చెక్కలా గట్టిపడి, బల్లలా బయటికి పొడుచుకొచ్చినా మనం దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటాం. అది కనిపించేసరికి లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. సంతలో పనసకాయను తట్టి చూసి కొనే జాతి మనది. చెట్టునూ చెక్క సుత్తితో తడితే డొల్ల మోత తెలుస్తుంది. ఇంకా లోతుగా చూడాలంటే సోనిక్ టోమోగ్రఫీ ఉంది. మాను చుట్టూ సెన్సర్లు అమర్చి ఒక్కోదాని దగ్గర చిన్న సుత్తితో కొడతారు. గట్టి కర్రలో శబ్దం పరుగెడుతుంది, పుచ్చు దగ్గర చుట్టు తిరిగి ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాలన్నీ లెక్కగట్టి కంప్యూటర్ మాను అడ్డకోతను రంగుల్లో గీస్తుంది. పగులునీ పుచ్చునీ అది ఒక్కోసారి ఒకేలా చూపిస్తుంది కాబట్టి చదవగలిగిన మనిషి ఉండాలి. అనుమానం తీరకపోతే సన్నటి సూది డ్రిల్లు దించి కర్ర ఎంత ఎదురు నిలుస్తుందో కాగితం మీద గీయిస్తారు.

తొర్ర ఉన్న ప్రతి చెట్టూ పడదు. ఇనప గొట్టమూ డొల్లేగా, నిలబడటం లేదూ? చుట్టూ మిగిలిన గట్టి గోడ మాను వ్యాసార్ధంలో మూడో వంతు దాకా ఉంటే చాలావరకు ఫరవాలేదన్నది జర్మన్ శాస్త్రవేత్త క్లౌస్ మాటెక్ చెప్పిన లెక్క. మన లెక్క వేరు. స్వర్ణ చతుర్భుజి కోసం హైవే పక్కన ఉక్కులాంటి చింతమానుల్ని పరీక్ష లేకుండా కొట్టేశాం. బస్టాపు నెత్తిన వాలిన పుచ్చు చెట్టుకు పరీక్ష లేకుండానే సున్నం, ఎర్రరంగు పట్టీ వేసి, మొదట్లో ఊపిరాడకుండా సిమెంటు గద్దె కట్టి, సుందరీకరణ అన్నాం. ఎన్నికలొస్తే ఫ్లెక్సీ కూడా. పోటీ చేసేవాడి లోపలా ఎవరూ తట్టి చూడరు కదా, చెట్టుకి మాత్రం ఎందుకీ పక్షపాతం!

వైద్యం చేయమని కాదు, చేస్తాం. పడ్డాక. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగి పడ్డాక, 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో నూటయాభై ఏళ్ల నిద్రగన్నేరు, ఎన్నో సినిమాల్లో నటించి సినిమా చెట్టుగా పేరు పొందినది, 2024 ఆగస్టులో కూలింది. తర్వాత రసాయన చికిత్స చేస్తే మోడు చిగిర్చింది. చేసినవాళ్లకు దండం. కానీ అన్ని కెమెరాలు చూసిన చెట్టుకు ఆ చేయి ఏదో నిలబడి ఉన్నప్పుడే అంది ఉంటే?

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. మేకు దించడానికి, వేరు నరకడానికి, సిమెంటుతో గొంతు పిసకడానికి అడిగే నాథుడు లేడు. జిల్లాకో టోమోగ్రాఫ్, చదవగలిగిన ఇద్దరు కుర్రాళ్లు, బడులు, బస్టాపులు, ఆస్పత్రుల దగ్గరి పెద్ద చెట్ల జాబితా. ఇంతకంటే పెద్ద ప్రాజెక్టు కాదిది. శంకుస్థాపన శిలాఫలకం తప్పదంటే, అది కూడా పెట్టుకోండి. చెట్టుకి మాత్రం కొట్టకండి.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. ఎలమంచిలిలో చెట్టు నీడన బండి ఆపేవాళ్లు ఈలోగా ఒకసారి మొదలు చుట్టూ చూడండి. బల్లలాంటి పుట్టగొడుగు కనిపిస్తే బండి పక్కకు తీసి, మున్సిపాలిటీలో కాగితం రాసిచ్చి, ముట్టినట్టు రసీదు మాత్రం మరవకుండా తీసుకోండి.