నట్టుకు వంద చాలు

సూర్యాపేటలో కారున్న మగవాడు రెండు విషయాల్లో ఎవరి సలహా వినడు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే బంధువులు టీకి ఏ హోటల్లో ఆగాలన్నది ఒకటి. తన కారు తాను రిపేరు చేసుకోగలనన్నది రెండోది. మొదటి విషయంలో వాడి మాట తప్పైనా ఓ కప్పు టీ పాడవుతుంది, అంతే. రెండోదానికి మాత్రం ఇన్నాళ్లూ చక్రం నట్టు అడ్డం పడుతూ వచ్చింది. పానా తగిలించి, ఊపిరి బిగబట్టి, ముఖం కందగడ్డ చేసుకుని, చివరికి "ఇవి బయట చేయించుకోవడమే మంచిది, వాళ్ల దగ్గర మిషన్లుంటాయి" అంటూ చేతులు కడుక్కునేవాడు. ఇప్పుడా మిషనే ఇంటికొస్తానంటోంది. డబ్బా మీద దాని పేరు ఇంపాక్ట్ రెంచ్. టైరు షాపులో గన్ను.

ఈ గన్ను మోజు మా వైపు కాస్త ఎక్కువే. మావి చక్రాల మీద బతికే ఊళ్లు. సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ హైవే మీదున్నాయి. 2010లో ప్రభుత్వం రహదారులకు కొత్త నంబర్లు వేసి దీన్ని 65 చేసింది గానీ, మా పెద్దవాళ్లకు అది ఇప్పటికీ నైన్ హైవేనే. మిర్యాలగూడది మరో దారి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలారు. ఎడమ కాలువ కింద వరి పండింది. వరి కోసం మిల్లులు, మిల్లుల కోసం లారీలు వచ్చాయి. లారీలకు టైర్లుంటాయి, టైర్లకు పంక్చర్లుంటాయి, పంక్చర్లకు షాపులు, షాపులకు కంప్రెషర్లు, కంప్రెషర్లకు గన్నులు. 1955లో డ్యాముకు పునాదిరాయి వేసిన నెహ్రూగారు ఇంత దూరం ఆలోచించి ఉండరు.

నాకు గన్ను మీద మనసు పుట్టడానికి కారణం ఓ టైరు షాపు కుర్రాడు. పేరెందుకులెండి, అలాంటి కుర్రాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. చక్రం ఎక్కించి, నట్టు మీద గన్ను పెట్టి, పక్కవాడితో క్రికెట్ మాట్లాడుతూ మీట నొక్కుతాడు. నట్టు బిగుసుకున్నాక కూడా వదలడు. కబురు పూర్తయితేనే వేలు తీస్తాడు. ఆ రోజు మ్యాచ్ చివరి ఓవర్ దాకా వెళ్లినట్టుంది. తర్వాత మునగాల దాటాక నా టైరు పంక్చరైతే, కారుతో ఇచ్చిన పానాతో ఒక్క నట్టూ కదల్లేదు. పానా ఎక్కి నిలబడ్డాను. కొంచెం ఊగాను కూడా. హైవే మీద పోయేవాళ్లు నేనేదో వ్యాయామం చేస్తున్నాననుకుని ఉంటారు. చివరికి ఓ లారీ క్లీనరు దిగి, పానాకు మీటరు పొడవున్న పైపు తొడిగి, ఒక్క తొక్కు తొక్కాడు. నట్టు కుయ్‌మంది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. బిగింపును, అంటే టార్కును, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. అడుగు పొడవు పానా చివర 80 కిలోల మనిషి నిలబడితే నట్టు మీద పడేది సుమారు 235 న్యూటన్ మీటర్లు. మీటరు పైపు చివర 60 కిలోల క్లీనరు నిలబడితే 590 దాకా పడుతుంది. చిన్న కార్ల చక్రం నట్టుకు కంపెనీలు చెప్పే బిగింపు 85 నుంచి 130 లోపే. అంటే నేను ఎక్కి తొక్కినా కదలని ఆ నట్టును కుర్రాడు దాదాపు రెండింతలు బిగించాడన్నమాట. అలా బిగిస్తే నట్టు ఎక్కే స్టడ్ సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది. బ్రేకు డిస్కు వంకరపోయే ప్రమాదమూ ఉంది. ఈ పాపానికి విరుగుడుగా నేనూ ఓ గన్ను కొనాలని నిశ్చయించుకున్నాను.

గన్ను లోపల జరిగేది చాలా చిన్న విషయం. మోటారు ఒక సుత్తిని తిప్పుతుంది. నట్టు మొరాయించగానే ఆ సుత్తి కాస్త వెనక్కి తగ్గి, మళ్లీ వేగం పుంజుకుని, సాకెట్‌ను పట్టుకున్న ఇనుప కడ్డీని తిరిగే దిక్కులోనే కొడుతుంది. ఇలా నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు. ఏ ఒక్క దెబ్బా భీకరమైంది కాదు, కానీ ఆగదు. దెబ్బలు విడివిడిగా పడతాయి కాబట్టి మన మణికట్టు మెలితిరిగిపోదు. బతిమాలితే కదలనిది వదలకుండా తగులుకుంటే కదులుతుందన్న సూత్రం ప్రభుత్వాఫీసుల్లో పని చేయించుకున్నవాళ్లకు కొత్తదేం కాదు.

సూత్రం తెలిసింది కదా అని హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను.

"ఇంపాక్ట్ రెంచ్ ఉందా?"

"ఎందుకు లేదు సార్" అని ఓ డ్రిల్లు మిషను తీసి ముందు పెట్టాడు.

"ఇది గోడలకు బొక్కలు పెట్టేది కదా?"

"గోడకైనా బండికైనా ఇంపాక్ట్ ఇంపాక్టే సార్."

కాదు. ఇంపాక్ట్ డ్రిల్లు గోడలోకి, ముందుకు కొడుతుంది. రెంచ్ తిరిగే దారిలో, పక్కకు కొడుతుంది. మొదటిదాన్ని నట్టు మీద పెడితే నట్టు చోటు మారదు, మన చెయ్యి మారుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ అని ఇంకోటుంది. అది స్క్రూలకు. దాని మూతిలో ఆరు పలకల బిట్టు దూరుతుంది. చక్రాలకు కావలసినదాని మూతి నలుపలకగా, అర అంగుళం ఉండాలి. పేరు నమ్మకండి, మూతి చూడండి.

తర్వాత ఓల్టుల కథ. పేరున్న కంపెనీల గన్నుల మీద 18 ఓల్టులని ఉంటుంది. కొన్నింటి మీద 20, కొన్నింటి మీద 21. మూడూ ఒకటే. బ్యాటరీలో లిథియం సెల్లులు ఐదు వరసగా ఉంటాయి. ఒక్కోటి మామూలుగా 3.6 ఓల్టులు, నిండా ఛార్జ్ అయినప్పుడు 4.2. ఐదు 3.6లు వేసుకున్నవాడు 18 అంటాడు, నిండినప్పుడు చూసినవాడు 21 అంటాడు. ఇక్కడితో ఆగితే బాగుండు. చవక గన్నుల మీద 48 వీఎఫ్, 88 వీఎఫ్ అని కూడా ముద్రిస్తున్నారు. ఆ ఎఫ్‌కు అర్థమేమిటని షాపతన్ని అడిగితే "ఫుల్ పవర్ సార్" అన్నాడు. లోపల తెరిచి చూస్తే ఎక్కువ వాటిలో ఉండేది ఆ ఐదు సెల్లులే.

టార్కు అంకెలదీ అదే తంతు. ఒకే గన్ను డబ్బా మీద రెండు అంకెలుంటాయి. బిగించే శక్తి చిన్న అంకె, మొరాయించిన నట్టును విడగొట్టే శక్తి పెద్ద అంకె. పెద్దక్షరాల్లో ఏది వేస్తారో చెప్పక్కర్లేదు. రెంటినీ కలిపి పోల్చేవాడు తప్పకుండా మోసపోతాడు. విప్పే అంకెను విప్పే అంకెతోనే పోల్చాలి.

ఈ విషయం మీద సలహా కోసం కోదాడలో ఉన్న మా బావమరిది దగ్గరికి వెళ్లాను. అతనికి లారీలున్నాయి. నేను ఫోనులో 280 న్యూటన్ మీటర్ల మకిటా బొమ్మ చూపిస్తే జాలిగా నవ్వాడు.

"ఏంటి బావా, పిల్లలకా?"

ఖమ్మం క్రాస్ రోడ్డు దగ్గర తనకు తెలిసిన షాపుకు తీసుకెళ్లి ఒక అంగుళం మూతి గాలి గన్ను చేతికిచ్చాడు. పది కిలోల చిల్లర బరువు. చంకలో బిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకోవాలి. లారీ చక్రం నట్టు బిగింపు 500, 600 దాకా ఉంటుంది కాబట్టి వాళ్లకది కావలసిందే. పాత లారీల్లో కొన్నింటికి ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు మరతో ఉండేవని, తెలియని క్లీనరు విప్పుతున్నాననుకుంటూ బిగించి చివరికి స్టడ్ విరగ్గొట్టేవాడని కూడా అక్కడే విన్నాను. గన్ను సంగతి నచ్చింది గానీ అది గాలితో నడుస్తుంది. కారుకు సరిపోయే అర అంగుళం గాలి గన్నుకే 90 పీఎస్ఐ ఆగకుండా అందాలి. అంటే ట్యాంకున్న కంప్రెషర్ కావాలి. కంప్రెషర్‌కు చోటు కావాలి. ఆ చోటులో ప్రస్తుతం మా కారు ఉంటోంది.

"కారు బయట పెట్టుకో బావా" అన్నాడు.

ఇంత పెద్ద గన్నుతో మారుతీ కారు నట్టు విప్పడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పిచ్చుక పోతే పోయింది, బ్రహ్మాస్త్రానికి కరెంటు బిల్లు కట్టేది నేను.

ఇంట్లో సంగతి చెప్పాను. మా ఆవిడ లెక్కల టీచరు.

"గన్ను ఎంతండీ?"

"రెండు బ్యాటరీలు, ఛార్జరుతో పదహారు వేల దాకా."

"కారుకు నట్లెన్ని?"

"చక్రానికి నాలుగు. మొత్తం పదహారు."

"ఏడాదికి ఎన్నిసార్లు విప్పుతారు?"

టైర్లు పది వేల కిలోమీటర్లకోసారి అటూ ఇటూ మార్చుకోమంటారు. మా కారు ఏడాదికి అంతే తిరుగుతుంది. "ఒక్కసారి" అన్నాను.

"నట్టుకు వెయ్యి" అంది, పేపర్లు దిద్దుకుంటూ.

ఆమె లెక్క తప్పు పట్టలేం. కానీ ఆమె చక్రం నట్లే లెక్కేసింది. కారు కింద సస్పెన్షన్ బోల్టులున్నాయి. వానకు, బురదకు తుప్పు పట్టి కూర్చుంటాయి. యాక్సిల్ నట్టు చాలా కార్లలో 200 చుట్టుపక్కల బిగింపుతో ఉంటుంది. అలాంటిచోట గన్ను విలువ తెలుస్తుంది. ఈ మాట చెబితే "అవన్నీ మీరు విప్పుతారా?" అని అడిగింది. ప్రశ్న టార్కు గురించి కాదు గనక జవాబివ్వలేదు.

చివరికి తీర్పు మిర్యాలగూడలో దొరికింది. మా మేనమామ అక్కడి రైస్ మిల్లుల్లో ఫిట్టరుగా పనిచేసి తల నెరిశాడు. మిల్లులో వడ్ల పొట్టు తీసే షెల్లర్‌లో రబ్బరు రోల్స్ ఉంటాయి. వడ్లు ఒరుసుకుని అవి తొందరగా అరిగిపోతాయి, మళ్లీ మళ్లీ మార్చాలి. సీజన్లో మిల్లు ముందు ధాన్యం బండ్లు బారులు తీరి ఉంటే, లోపల ఒక్క బోల్టు తెగినా ఓనరు ప్రాణం పోతుంది, ఆ తర్వాత ఫిట్టరు ప్రాణం తీస్తాడు. అందుకే మామకు బోల్టు అంటే భక్తి. దసరా నాడు ఆయుధ పూజలో అందరూ మోటార్లకు బొట్టు పెడితే, ఆయన మొదటి బొట్టు ఓ పొడుగాటి డబ్బాకు పెడతాడు.

నేను గన్నుల జాబితా చదువుతుంటే మధ్యలో ఆపి ఆ డబ్బా తెరిచాడు. అందులో గుడ్డ చుట్టిన టార్క్ రెంచ్.

"గన్నెంతకు తిప్పుతదో కంపెనీవాడు చెప్తడు. నట్టుకెంత కావాల్నో ఎవరు చెప్తరు అల్లుడా?"

పిడి తిప్పి వంద దగ్గర పెట్టి, నా కారు నట్టు మీద వేసి నెమ్మదిగా లాగాడు. టిక్కుమంది. ఆపేశాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది. యిప్పుటానికి మిషను, బిగించుటానికి చెయ్యి. గదే ఉల్టా చేస్తున్నరు మీరంతా."

నేను వెతుకుతున్న పెద్ద అంకె కంటే ఆయన రెంచ్ మీదున్న చిన్న అంకె బరువైనదని ఒప్పుకోక తప్పలేదు. కోదాడలో లారీకి కావలసింది చెప్పారు, సూర్యాపేట షాపులో తన దగ్గరున్నది చెప్పారు, మిర్యాలగూడలో నట్టుకు కావలసింది చెప్పారు. కొనేవాడు వినాల్సింది మూడో మాట.

కాబట్టి గన్ను కొనబోయే సోదరులకు నా సలహా ఇది. ముందు మూడు నాలుగు వేలు పెట్టి మంచి టార్క్ రెంచ్ కొనండి. గన్ను తర్వాత. అది అర అంగుళం మూతి, 18 ఓల్టులు, బ్రష్‌లెస్ మోటారు, 250 నుంచి 300 న్యూటన్ మీటర్లు ఉంటే ఇంటి కారుకు దండిగా సరిపోతుంది. బాష్ అయినా, మకిటా అయినా, డీవాల్ట్ అయినా, మీ ఊళ్లో బ్యాటరీ, రిపేరు దొరికేదే మంచి గన్ను. బ్యాటరీని మే నెలలో డిక్కీలో వదిలేయకండి, మన ఎండకు లిథియం తట్టుకోలేదు. సాకెట్లు నల్లవి కొనండి. మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పానాలకు చేసినవి, గన్ను దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి. మారుతీ కార్లకు ఎక్కువగా 19, హ్యుందాయ్‌లకు 21 మిల్లీమీటర్ల సాకెట్ పడుతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, చెవులకు ఏదైనా పెట్టుకోండి. వీధిలో మధ్యాహ్నం పడుకునేవాళ్ల చెవుల సంగతి వాళ్లతోనే మాట్లాడుకోండి. స్పార్క్ ప్లగ్గు, ఇంజనాయిల్ డ్రెయిన్ బోల్టు మీద మాత్రం గన్ను పెట్టకండి. అల్యూమినియం మర ఒక్కసారి పోతే బాగు చేయించడానికి గన్ను ధర కంటే ఎక్కువైనా కావచ్చు.

నట్లు ముందు చేత్తో మర ఎక్కించి, ఎదురెదురుగా ఉన్నవి మార్చిమార్చి బిగించి, చక్రం నేల మీదకు దిగాక టార్క్ రెంచ్ టిక్కుమనే దాకా లాగండి. ఓ 80, 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడాలి. మాకైతే కోదాడ వెళ్లొస్తే సరిపోతుంది. అత్తగారింటికి వెళ్లడానికి ఇంతకంటే సాంకేతికమైన కారణం ఇంకెక్కడా దొరకదు.

గన్ను కొనే ఉద్దేశం లేనివాళ్లు కూడా ఒక పని చేయండి. ఈ మధ్య టైరు షాపుకు వెళ్లొచ్చి ఉంటే, ఇవాళ ఇంటి ముందే, చక్రం నేల మీద ఉండగానే, డిక్కీలోని పానాతో ఒక్క నట్టు వదులు చేసి చూడండి. కదిలితే మళ్లీ బిగించి నిశ్చింతగా ఉండండి. కదలకపోతే ఆ షాపుకే వెళ్లి, అన్నీ వదులు చేయించి, చేత్తో బిగించమని దగ్గర నిలబడి అడగండి. దీనికి డబ్బులు అక్కర్లేదు, పంక్చరయ్యే దాకా ఆగకపోతే చాలు.