నాలుగున్నర

కిందటేడు ఉగాది వెళ్లాక నాకు షుగరు బయటపడింది. అంతకుముందు నెల రోజులుగా నోరు ఎండుకుపోయేది, రాత్రి నాలుగైదుసార్లు లేచేవాణ్ణి. రక్తంలో చక్కెర 180 దాటిందంటే మూత్రపిండాలు దాన్ని ఆపలేవనీ, అది పోతూ పోతూ ఒంట్లో నీళ్లను కూడా లాక్కుపోతుందనీ డాక్టరు చెప్పారు. మూడు నెలల సగటు తేల్చే పరీక్షలో 9.4 వచ్చింది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్లూ తనకంటిన చక్కెరను మోసుకు తిరుగుతుంది. అందుకే ఆ పరీక్షను మభ్యపెట్టలేం. "మాత్రలు వేసుకోండి, రోజూ నడవండి. నడిచే కండరం రక్తంలోని చక్కెరను తనే తీసుకుంటుంది" అన్నారు.

మాది వరంగల్ శివనగర్. ఖిలా వరంగల్‌లో పొద్దున్నే నడిచే జట్టు ఉందని విని వెళ్లి కలిశాను. నాతో పన్నెండు మంది. రిటైరైన టీచర్లు, కిరాణా కొట్టాయన, ఆజంజాహి మిల్లు మూతపడేదాకా అందులో పనిచేసిన పెద్దాయన. కీర్తి తోరణాల దగ్గర కలుసుకుని, తూర్పుకోట మీదుగా రాతిగోడ దాటి, పొలాల మధ్యనుంచి మట్టికోట దాకా పోయి వస్తాం. కాకతీయుల నాటి ఆ మట్టికట్ట ఎక్కి వెనక్కి తిరిగితే మంచులో ఏకశిల గుట్ట కనిపిస్తుంది. అరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉండి ఆ పొద్దును ఒక్కసారీ చూడలేదు నేను.

ఒక్కణ్ణే అయితే వారానికే మానేసేవాణ్ణి. ఇక్కడ ఒకపూట రాకపోతే ఇంటికే వచ్చేస్తారు. "ఈసారి ఎంతొచ్చింది సారూ?" అన్నదే మా పలకరింపు. మిగతా పదకొండు మంది షుగరు అంకెలూ నాకు నోటికొచ్చు.

మొదటిరోజే మిల్లు పెద్దాయన అన్నాడు, "మేడంను గూడ తీస్కరాండ్రి సారూ" అని.

"ఆమె పొద్దంత ఇంట్ల నడుస్తనే ఉంటదన్నా" అన్నాను.

నిజానికి నా నడకను నిలబెట్టింది ఆవిడే. సరిగ్గా నాలుగున్నరకు భుజం తట్టేది. "లేవుండ్రి, మీవోళ్లు ఎదురుచూస్తరు." చేతిలో సగం నీళ్లున్న చెంబు. ఇంట్లో అలారం లేదు. వానాకాలంలోనూ, ఆవిడకు జ్వరం వచ్చిన నాడూ ఆ పిలుపు తప్పలేదు. నడక అలవాటయ్యాక నాకు పడుకుంటే ఒకటే నిద్ర, ఆవిడ లేపితే తప్ప మెలకువ వచ్చేది కాదు. ఆ సంగతి జట్టులో ఎన్నిసార్లు చెప్పానో. "అదృష్టవంతులు సారూ" అనేవారు. అవునని నేనూ అనుకునేవాణ్ణి.

నాలుగో నెలలో మళ్లీ పరీక్ష చేయించాను. 6.8. ఆ కాగితం చేతికిస్తూ డాక్టరు ఏమంటారో ఆవిడ కూడా వినాలని వెంట తీసుకెళ్లాను.

డాక్టరు సంతోషించారు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, మీరెప్పుడైనా చూపించుకున్నారా?" అని అడిగారు.

"నాకేమైంది సారూ, మంచిగనే ఉన్న."

"వచ్చారు కదా, ఒక్క చుక్క చూద్దాం."

వేలు గుచ్చారు. 346. మెషిన్‌లో ఏదో తేడా ఉందేమో అన్నాను. ఇంకో వేలు గుచ్చారు. 351.

"రాత్రిళ్లు లేస్తున్నారా అమ్మా?"

ఆవిడ నా వైపు చూడలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"నాలుగైదు మాట్ల లేస్త సారూ. ఆఖరి మాటు లేచేసరికి నాలుగున్నరైతది. ఇగ నిద్రెట్లా పట్టదు, ఈయన్నన్న లేపుదామని లేపుత."