నేను సరుగుడు గెడను

అరటి గెల బరువు మోయడం నా పని. పుట్టింది ఓడలరేవు దగ్గర, సముద్రపు ఇసుకలో. ఇప్పుడు ఉంటున్నది కొత్తపేట వైపు, గౌతమీ గోదావరి గట్టు పక్కన ఒక కౌలు రైతు తోటలో.

మా జాతి పూర్వీకులది ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరం. 1860ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో రైలింజన్లకు కట్టెల కోసమని మమ్మల్ని తోటలుగా పెంచారు. బొగ్గు వచ్చాక ఆ పని పోయినా తీరం మమ్మల్ని వదులుకోలేదు. మా వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉంటుంది. గాలిలోని నత్రజనిని అది పట్టి మాకిస్తుంది గనక ఏ సారమూ లేని ఇసుకలోనూ ఎదుగుతాం. మాకు వెడల్పాటి ఆకుల్లేవు, సూదుల్లాంటి సన్న రెమ్మలే. గాలి వాటి సందుల్లోంచి దూరుతూ కొంత బలం పోగొట్టుకుంటుంది. గోడకు తగిలిన గాలి పైకి లేచి అవతల సుడి తిరుగుతుంది గాని, సందులున్న చెట్ల వరసను దాటిన గాలి నెమ్మదిస్తుంది. తీరం పొడవునా మమ్మల్ని బారులు తీర్చి నాటడం అందుకే.

నాలుగైదేళ్లకు మమ్మల్ని కొడతారు. లావుపాటివి కాగితం మిల్లులకు పోతాయి. సన్నగా, తిన్నగా ఉన్నవి గెడలవుతాయి. నేను అలా ట్రాక్టరెక్కి అమలాపురం, ముక్కామల, పలివెల మీదుగా ఈ తోటకు వచ్చాను.

అరటిని దగ్గరగా చూసింది ఇక్కడే. జనం చెట్టంటారు గాని అందులో చేవ లేదు. ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు పొరలే దాని మాను. నడుమ మెత్తటి దూట, ఒళ్లంతా నీరు. వేళ్లు చాలావరకు పైమట్టిలోనే తిరుగుతాయి. ఇంత మెత్తటి ఒంటికి పైన తెరచాపలంత ఆకులు, ఒక పక్కకు వేలాడే గెల. మా తోటలోని కర్పూర చక్కెరకేళి రకమైతే ఎత్తూ ఎక్కువే. గాలికి ఆకు ఈనెల వెంట చీలికలు పేలికలవుతుంది, కొత్తగా చూసినవాళ్లు అయ్యో అంటారు. నిజానికి ఆ చీలికలే దాన్ని కాస్త కాపాడతాయి, గాలికి దారి దొరుకుతుంది.

గాలికి అరటి రెండు రకాలుగా పడుతుంది. నేల గట్టిగా ఉంటే నడుం దగ్గర విరుగుతుంది. నేల నానిపోయి ఉంటే వేళ్లతో సహా ఒరుగుతుంది. మొదటిదానికి నేను అడ్డుపడగలను. రెండోదానికి నా ఒక్కడి బలం చాలదు, బోదెలు తవ్వి నీరు బయటికి పంపాలి. కోనసీమలో అరటికి గాలి ఎంత శత్రువో కదలని నీరూ అంతే శత్రువు. మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకున్న ఏడు, ఎన్ని గెడలు పాతినా తోట సగం ధైర్యంతోనే నిలబడుతుంది.

మా రైతుకు గెడ పెట్టడం నేర్పింది ఊళ్లోని ఓ పెద్ద కూలీ.

“గాలి ఎటు నుంచొత్తాదని చూడకు అబ్బాయ్. గెల ఎటు వాలిందో చూడు. దాని మెడ కింద పెట్టు. ఎండాకు మడిచి మధ్యన వెయ్యి, లేపోతే ఒరుసుకుపోద్ది.”

“ఒక గెడ చాలదా బాబాయ్?”

“చాలదు. తుపాను గాలి తిరుగుద్ది. ఈశాన్యం నుంచి మొదలెడతాది, తూర్పుకొత్తాది, ఆఖర్న దక్షిణం నుంచి కొడతాది. ఒక పక్కే ఊత ఉంటే రెండో పక్కకి పడిపోద్ది. రెండు గెడలు కత్తెరేసి కట్టు.”

రైతు భార్య అక్కడే పిలకలు కోస్తోంది. “చెట్టుకి రెండేసి అంటే ఎంతవుద్దండీ? కౌలే ఇంకా కట్టలేదు,” అంది. ఆయన మాట్లాడలేదు. గెల బయటపడిన తూర్పు వరసలన్నిటికీ రెండేసి కట్టించాడు. పడమటి వరసలకు డబ్బు చాలలేదు.

ఆ పెద్దాయన మాటల వెనకున్నది 1996 నవంబరు 6 రాత్రి. ఆ రాత్రి ఓ తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. కోనసీమ కొబ్బరి తోటలు లక్షల్లో చెట్లను పోగొట్టుకున్నాయి. కొబ్బరి మళ్లీ కాపుకొచ్చేసరికి పిల్లలు పెద్దవాళ్లవుతారు. అరటి ఏడాదికే తేరుకుంటుంది. చిన్న రైతు దాన్ని నమ్ముకోవడానికి అదీ ఒక కారణం.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. పగలంతా వాన. నా మొదలు పాతిన గుంటలో నీళ్లు నిలిచి ఒండ్రు మెత్తబడింది. పెద్దాయన చెప్పినట్టే గాలి తిరిగింది. తిరిగిన ప్రతిసారీ బరువు నా మీదనుంచి నా జోడు గెడ మీదికీ, మళ్లీ నా మీదికీ మారింది. కట్టిన తాడు బిగుసుకుని కిర్రుమంది. మా వెనక పడమటి వరసల్లోంచి విరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. వాటి దగ్గరికి నేను వెళ్లలేను. గెడ ఎక్కడ పాతితే అక్కడే.

తెల్లారాక చూస్తే తూర్పు వరసల్లో చాలా చెట్లు నిలిచాయి. పడమట నేలమట్టం. ముదిరిన గెలల్ని ఆ పూటే కోసి రావులపాలెం మార్కెట్‌కు పంపారు. అన్ని ఊళ్ల నుంచీ ఒకేసారి పడిన గెలలు వచ్చిపడితే ధర ఎలా ఉంటుందో ఎవరికైనా తెలుసు. బొంత రకమైతే పచ్చిగానైనా కూరకు పోయేది. కర్పూరం లేతగెల పశువుల పాలే.

తర్వాత నష్టం రాసుకునేందుకు మనుషులొచ్చారు. పంటలో 33 శాతం, ఆపైన పోతేనే ఇన్‌పుట్ సబ్సిడీ. 2019 నాటి చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు పత్రం కావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం ఉండాలి. మా రైతుది నోటిమాట కౌలు, ఆ పత్రం లేదు. అదొక బాధ. నన్ను ఇంకా బాధపెట్టేది మరొకటుంది. పడిన చెట్లను లెక్క రాశారు. నిలబడినవాటి కోసం ఆయన ముందుగా పెట్టిన ఖర్చు రాయడానికి ఆ కాగితంలో గడే లేదు. గెడలకు, తాళ్లకు, బోదెల పూడికతీతకు గాలికి ముందే కాస్త సాయం అందితే, గాలి తర్వాత అంతకు మించిన నష్టం తగ్గుతుంది. నేను నిలబడిన వరసనూ, నేను లేని వరసనూ పక్కపక్కన చూసి చెబుతున్న మాట ఇది.

ఇప్పుడు పడిన మానులన్నీ నరికి మొదళ్ల దగ్గరే పరిచారు. ఒక్కో దుబ్బుకు ఒక గట్టి పిలకనుంచి మిగతావి తీసేశారు. తూర్పు గట్టున అవిసె గింజలు వేశారు, ఎదిగితే గాలికి అదే తొలి అడ్డు. నా మొదలు చెదపట్టింది. జానెడు కోసి తారు పూసి, ఈసారి పడమటి వరసకని పెట్టారు. అక్కడ ఇంకా ఎన్నో గెడలు కావాలి.