మిగులు

పిల్లలకి డబ్బు సంగతులు నేర్పమంటే మనం చేసే మొదటి పని డిబ్బీ కొనివ్వడం. పండక్కొచ్చిన చుట్టాలు చేతిలో పెట్టిన నోటు అందులో వేయించి "దాచుకో నాన్నా" అంటాం. దాచుకోవడం మంచిదే. అయితే నోటు కన్నంలోంచి లోపలికి తొయ్యడానికి బుర్ర అక్కర్లేదు. బుర్రతో పని పడేది అది బయటికి తీసినప్పుడు. సరిగ్గా అప్పుడే డబ్బు మనం తీసేసుకుని, ఏం కొనాలో మనమే చెప్పేస్తాం.

కాకినాడలో మా వీధి లెక్కల మాష్టారు ఈ పద్ధతి తిరగేశారు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్లకి పైగా లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "వడ్డీ లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న కుర్రాడు కూడా కిరాణా కొట్లో చిల్లర చూసుకోకుండా జేబులో వేసుకుంటాడండీ. పుస్తకంలో లెక్క తప్పితే పోయేది మార్కే, వాడి డబ్బు కాదు కదా" అంటారాయన. నా మటుకు నాకు మా ఊళ్లో అంతకన్నా మంచి మాష్టారు లేరు. ఎవరికీ పైసా బాకీ ఉండరు, ఎవరి సొమ్మూ ఆశించరు. జీతం రాళ్లలోనే ఇల్లు కట్టుకున్నారు, కూతురి పెళ్లి చేశారు. ఈ మధ్యే పెరటి వెనకాల 150 గజాల ఖాళీ స్థలం కూడా కొన్నారు. చాలా చవగ్గా పడిందని వీధి వీధంతా చెప్పుకున్నాం. ఆయన ఓపికే ఓపిక అనుకున్నాం.

కూతురి కాపురం రెండు వీధుల అవతల. మనవరాలు ఆరో తరగతి. 2016లో యూపీఐ వచ్చింది. అంటే ఈ పిల్ల నడక నేర్చే వేళకే ఇంట్లో నోట్లు కనపడటం తగ్గిపోయింది. నాన్న ఫోను చూపిస్తాడు, టింగుమంటుంది, సరుకొస్తుంది. నోటు మార్చడం, చిల్లర ఎంచుకోవడం, నెలాఖరుకి పర్సు పల్చబడటం వీళ్లు ఎరగరు. డబ్బు తగ్గడం కంటికి ఆనకపోతే ఎక్కడ ఆగాలో పిల్లకి ఎలా తెలుస్తుంది? ఈ మాట తల్లిదండ్రులందరూ ఆలోచించాల్సిందే.

అందుకని మాష్టారు ఆదివారం ఆదివారం ఆ పిల్ల చేతిలో 300 రూపాయలు పెట్టేవారు, అన్నీ చిన్న నోట్లే. వారానికి సరిపడా కూరలు రైతు బజారు నుంచి తనే తేవాలి. ఏం కావాలో అమ్మమ్మ చెప్తుంది, ఎలా కొనాలో తన ఇష్టం. మిగిలింది తనది. పుచ్చులో ముదుర్లో వస్తే మాత్రం, వాటి బదులు కొత్తవి తన మిగుల్లోంచే కొనాలి. మాష్టారు సంచీ పట్టుకుని నాలుగడుగుల వెనక నడిచేవారు. నోరు విప్పేవారు కాదు.

మొదటి ఆదివారం నిగనిగలాడుతున్నాయని వంకాయలు ఏరుకొచ్చింది. అమ్మమ్మ కత్తిపీట ముందేసుకుని కోస్తే సగానికి సగం పుచ్చే. ఆ వారం మిగులంతా వాటికే పోయింది. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది, తల్లికి కోపమొచ్చింది. మాష్టారు కదల్లేదు. పై వారం ఆ పిల్ల ఒక్కో వంకాయా చేతిలోకి తీసుకుని, తొడిమ దగ్గర సూది మొనంత చిల్లు ఉందేమోనని వెలుగులో తిప్పి చూడటం నేను కళ్లారా చూశాను. ఆ తర్వాత బెండకాయ కొస విరిచి చూడటం వచ్చింది. కాటా మీద సరుకు పెట్టక ముందు సున్నా చూపిస్తోందా లేదా చూడటం వచ్చింది. కిరాణా కొట్లోనూ అంతే. అయిదు రూపాయల బిస్కట్ ప్యాకెట్ ధర అలాగే ఉండి లోపల గ్రాములు తగ్గిపోతున్నాయని వాళ్ల నాన్నకి చూపించింది ఆ పిల్లే. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకి ఎంత పడుతుందో కూడా అచ్చు వేస్తున్నారు. చదువుకున్న పెద్దవాళ్లం ఎంతమందిమి ఆ చిన్న అక్షరాలు చూస్తున్నాం?

మిగులు లెక్కకి మాష్టారు ఓ నోటుబుక్కు ఇచ్చారు. స్కేలు పెట్టి నాలుగు గడులు గీశారు: సరుకు, బోర్డు ధర, ఇచ్చిన ధర, మిగులు. పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరునే ఖాతా తెరుచుకోవచ్చు, సంతకం వాళ్లదే చెల్లుతుంది. 500 రూపాయలు పోగవగానే తీసుకెళ్లి తెరిపించారు. నూటికి ఏడాదికి 4 రూపాయల వడ్డీ. వెయ్యికి ఎంతొస్తుందో ఆ పిల్ల అక్కడే వేళ్ల మీద కట్టేసింది. కొన్నాళ్లు పోయాక ఓరోజు మా ఇంటికొచ్చి అంది: "పోస్టాఫీసులో వెయ్యి రూపాయలు ఏడాదంతా ఆగితే నలభై వస్తుందండీ అంకుల్. బజార్లో అరగంట ఆగితే నలభై వస్తుంది." ఎంత ముచ్చటేసిందో! పదకొండేళ్ల పిల్ల నోట ఆ పోలిక విన్నాకే, మావాణ్ణి కూడా మాష్టారికి అప్పజెప్పాలని నిర్ణయించుకున్నాను.

ధర అంటే ఏమిటో ఆయన చెప్పే తీరు కూడా వేరు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 దరిదాపులకి పోయింది. ప్రభుత్వం కొని రైతు బజార్లలో 50కి అమ్మిస్తే జనం బారులు తీరారు. అదే టమాటాని ఇంకో ఏడు కోత కూలి కూడా గిట్టక రైతులు రోడ్డు మీద పారబోశారు. "కాయ అదే, రుచి అదే, ధర ఎందుకు మారింది?" అని పిల్లని అడిగారు. ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. "ధర కాయలో ఉండదు తల్లీ, అవసరంలో ఉంటుంది. ఆ రోజు అవసరం ఎవరిదో చూసుకో. అవసరం ఉన్నవాళ్లే ముందు దిగుతారు" అన్నారు. అర్థశాస్త్రం పుస్తకాలు అధ్యాయాల కొద్దీ చెప్పేది ఆ రెండు ముక్కల్లో వచ్చేసిందనిపించింది.

రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. కార్డున్న రైతు లోపల కూర్చుని తన పంట తనే అమ్ముకుంటాడు. టోకు ధర కన్నా కాస్త ఎక్కువగా, బయట చిల్లర ధర కన్నా తక్కువగా పొద్దున్నే రేట్లు ఖాయం చేసి బోర్డు మీద రాస్తారు. కాబట్టి లోపల బేరానికి చోటు లేదు. బేరం నేర్పడానికి మాష్టారు పిల్లని గేటు బయటికి తీసుకొచ్చారు. కార్డు లేనివాళ్లు, సెంటు భూమి లేనివాళ్లు గోనెపట్టా పరుచుకుని కూర్చునేది అక్కడే. కావలసినదాని ధర ముందు అడక్కూడదు, పక్కదాన్ని అడగాలి. నచ్చినా మొహంలో కనపడనివ్వకూడదు. ఒకసారి నాలుగడుగులు వేసి చూడాలి, పిలుస్తారు. ఇవన్నీ మనం చేసేవే. ఆయన వరసలో పెట్టి చెప్పారు, అంతే.

అక్కడ ఆకుకూరల మామ్మ ఒకామె ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. కరప అవతల పల్లె నుంచి గంప నెత్తిన పెట్టుకుని తెల్లవారుజామునే వస్తుంది. పెరట్లో కొంచెం, ఎవరి చేలగట్ల మీదో అడిగి కోసుకున్నది కొంచెం. తోటకూర, గోంగూర, బచ్చలి. అరటినారతో కట్టలు కట్టి, తడిగుడ్డ కప్పి, మాటిమాటికీ చేత్తో నీళ్లు చిలకరిస్తూ కూర్చుంటుంది. 2025 ఆగస్టులో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక రానూ పోనూ ఖర్చు తప్పిందని ఎంత సంబరపడిందో నాకు తెలుసు. పది రూపాయలకి రెండు కట్టలు. కొసరడిగితే ఇంకో చిన్న కట్ట పడేస్తుంది.

మనవరాలి చెయ్యి నిజంగా తిరిగింది ఈ మామ్మ దగ్గరే. పదికి మూడు కట్టలు తెచ్చింది, తర్వాత అయిదు. ఆ తర్వాత ఓ ఆదివారం ఇరవై రూపాయలకి గంపలో మిగిలిందంతా సంచీలో పోయించుకొచ్చింది. ఒక్క ఇంటికి అంత కూర ఎందుకు? వీధిలో నాలుగిళ్లకి మామూలు రేటుకే ఇచ్చేది. మా ఇంటికీ అక్కణ్ణుంచే వచ్చేది, మేమూ సంతోషంగానే కొనుక్కునేవాళ్లం. పాసుపుస్తకంలో అంకె 3,000 దాటింది. మాష్టారు దాన్ని చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవారు. కనపడినవాళ్లకల్లా చూపించేవారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మావాణ్ణి వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో తోటకూర పులుసు ఉడుకుతోంది. తల్లి కూడా అక్కడే ఉంది. పిల్ల వీధరుగు మీద కూర్చుని నోటుబుక్కులో లెక్క రాసుకుంటోంది.

"తమ్ముడికి చెప్పు తల్లీ. అందరికీ పదికి రెండిచ్చే మామ్మ నీకు గంపంతా ఎలా ఇస్తోంది?" అన్నారు మాష్టారు, ఆయన మొహం వెలిగిపోతోంది.

పిల్ల నోటుబుక్కు మావాడి వైపు తిప్పింది. మాష్టారు గీసినవి నాలుగు గడులు. పక్కన ఎర్ర పెన్సిల్‌తో అయిదో గడి తనే గీసుకుంది. అందులో అన్నీ టైములే.

"ఆ మామ్మ వాళ్లూరికి పన్నెండున్నరకి బస్సు. అది తప్పితే మళ్లీ సాయంత్రం దాకా లేదు. ఆటో వాళ్లు వంద అడుగుతారు. మామ్మకి రోజంతా కూర్చున్నా రెండొందలు రావు, అందుకని ఆటో ఎక్కదు. కూర వెనక్కి మోసుకెళ్లినా రేపటికి వాడిపోతుంది. అందుకే పన్నెండింటికి వెళ్తే మూడు కట్టలిస్తుంది. పన్నెండుంపావుకి వెళ్తే అయిదిస్తుంది. బస్సు మలుపు తిరిగి హారన్ కొట్టాక వెళ్తే అన్నీ ఇచ్చేస్తుంది." వేలుతో ఒక్కో వరసా చూపిస్తూ, పాఠం అప్పజెప్పినట్టు శ్రద్ధగా చెప్పింది. "అందాకా నేను చెట్టు కింద నిలబడతాను. మామ్మకి కనపడను."

వంటింటి గుమ్మంలోకి వచ్చిన అమ్మమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఆ ముసలిది ఏమీ అనదుటే?"

"అంటుంది అమ్మమ్మా. 'ఇంకో పది ఇయ్యమ్మా, పొద్దుట్నుంచీ టీ కూడా తాగలేదు' అంటుంది. నేనేమీ మాట్లాడను, బస్సు వైపు చూస్తాను. అప్పుడు తనే ఇచ్చేస్తుంది."

మావాడు నా వంక చూశాడు. మాష్టారు జేబులోంచి సగం తీసిన పాసుపుస్తకం మళ్లీ లోపల పెట్టేశారు.

"అలా చెయ్యమని నేనెప్పుడు చెప్పాను తల్లీ?" అన్నారు. గొంతు పూర్తిగా పెగల్లేదు.

పిల్ల తలెత్తి ఆయన్ని చూసింది. తన లెక్కలో తప్పెక్కడుందో వెతుక్కుంటున్న చూపు అది. వెంటనే గుర్తొచ్చి మొహం విప్పారింది.

"నాతో కాదు తాతయ్యా, అమ్మతో చెప్పావు. వెనకవాళ్ల స్థలం బేరమాడేటప్పుడు. 'వాళ్లాయన గుండె ఆపరేషన్ తారీకు దగ్గర పడనీ, వాళ్లే దిగొస్తారు' అన్నావుగా. దిగొచ్చారుగా!"