బాదం చెట్టు జమాఖర్చు

శరదృతువున ఆకులు రాలునని ఇంగ్లీషు వాచకములో చదివి, ఆశ్వయుజమంతయు మా తాతగారి దొడ్డిలోని వేపచెట్టు క్రింద కాచుకొని కూర్చుండి, ఒక్క ఆకైనను రాలకపోగా మాస్టరుగారి పాండిత్యమునే శంకించినవాడను నేను. మనకు వెన్నెలకు శరత్తు, ఆకులకు శిశిరము అని తరువాత తెలిసినది. అయితే, కాకినాడలో మా యింటి ముంగిట నున్న బాదం చెట్టు ఏ గబ్బిలమో చీకి పారవేసిన టెంకనుండి తనంత తాను మొలచినదగుటచే కాబోలు, ఒక్క ఋతువుతో తృప్తిపడక ఏటికి రెండుమార్లు ఆకు రాల్చును.

అది వేపాకు వలె గాలికి పోవునది కాదు. జానెడు పొడవు, కుంకుమరంగు, పడినపుడు టప్పుమను చప్పుడు. కళ్లాపి చల్లి ముగ్గు పెట్టిన మరుక్షణమే సరిగా చుక్కల నడుమ పడును. వాకిలి ఊడ్చు ముసలమ్మ రెండు మాఘములు సహించి, "అయ్యగారూ, నెలజీతం వద్దు, ఆకుకింతని కట్టియ్యండి" అని, నేను లెక్క వేయుచుండగనే, తులసికోట తప్ప చెట్టన్నది లేని యింట పనికి కుదిరినది.

పుల్లల చీపురు నా చేతికి వచ్చినది. మా యింటావిడ మంచి ఆకులేరి విస్తళ్లు కుట్టినది గాని, దినమునకు రెండు తట్టల ఆకులకు తగిన భోక్తలను పిలుచుటకు నా జీతము చాలదు. తగులబెట్టితిమా, పొరుగింటి పెద్దమనిషి గోడమీదుగా దగ్గుచు, "మేష్టారూ, తమ హోమం ఇంకా ఎన్నాళ్లండీ?" అనెను.

అప్పుడు ఆల్బర్ట్ హోవార్డు దొర ఇండోరులో సాధించి 1931లో ప్రకటించిన ఎరువు పద్ధతి నా కంటబడినది: ఆకు, పేడ, మన్ను, బూడిద పొరలుగా పేర్చి, తడుపుచు, తిరుగవేయుచు నుండిన మూడు మాసములలో ఎరువగునట. పేడ యెందుకని విచారింపగా చెట్టు గుట్టు బయటపడినది. ఆకు తనంత తాను రాలదు. చెట్టే అందలి నత్రజని మొదలగు సారమును చాలవరకు వెనుకకు లాగుకొని, తొడిమ మొదట బెండువంటి పొర కట్టి, పిప్పిని నా ముంగిటికి సాగనంపును. పిండి తాను మ్రింగి పొట్టు నాకిచ్చు ఈ లోభికి బదులు పేడ నేను కొనవలెను!

కొంటిని. చెట్టు నీడనే గొయ్యి త్రవ్వి, ఫాల్గుణమంతయు పేర్చితిని. కుప్ప లోపల వేడెక్కగా వీధికుక్కలు వెచ్చదనమునకు దానిపై పండుకొని, తిరుగవేయ వచ్చిన నన్ను దొంగను చూచినట్లు చూచి మొరిగినవి. చైత్రమున చెట్టు మాత్రము పలక వెడల్పు చిగురాకులతో మిసమిసలాడుచుండెను. మల్లెపొదలకు ఎరువు వేయనున్నానని నేను పొరుగువారికి ముందుగనే చెప్పుకొంటిని.

జ్యేష్ఠమున పార దించితిని. దిగలేదు. మట్టి తీసి చూడగా గొయ్యి నిండ పీచువలె అల్లుకొన్న సన్నని వేళ్లు. వాని నడుమ ఎరువు నాలుగు దోసిళ్లు. ఆకులో విడిచిన ఆ కాస్త పిప్పిని, నా పేడతో సహా, చెట్టు క్రిందినుండి వచ్చి వసూలు చేసికొన్నది.

మా యింటావిడ గడపలోనే నిలిచి గోతిలోనికి తొంగిచూచి, "పోనీలెండి, ఎవరి సొమ్ము వాళ్లకే చేరింది. ఆ నాలుగు దోసిళ్లూ కూడా అక్కడే పోసేయండి, మళ్లీ భాద్రపదంలో ఆకు రాలుస్తుందిగా" అనెను.